డ్రాగన్ ఎందుకు నేలకు దిగాలి?

రెక్కలున్న డ్రాగన్ గుహ మధ్యలో నిలబడి ఉంటుంది. నలుగురైదుగురు సాహసికులు దాన్ని చుట్టుముట్టి కత్తులతో పొడుస్తుంటారు. అది తన వంతు వచ్చినప్పుడు ఒకసారి కొరుకుతుంది, రెండుసార్లు గోళ్ళతో చీరుతుంది, మళ్ళీ వంతు కోసం కాచుకుంటుంది, చివరికి ఉన్నచోటే చచ్చిపోతుంది. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర వేస్తూ పాచికలతో ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటల్లో చాలా డ్రాగన్ పోరాటాలు ఇలాగే ముగుస్తాయి. ఇది చూసిన ప్రతిసారీ నాకు బాధగా ఉంటుంది. 1974లో మొదలైన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ తన పేరులో సగం ఈ ప్రాణికే ఇచ్చింది. దానికి దక్కవలసిన చావు ఇది కాదు.

ఇలా జరగగానే గేమ్ మాస్టర్లు, అంటే కథ నడుపుతూ రాక్షసుల తరఫున ఆడేవాళ్ళు, చేసే మొదటి పని అంకెలు పెంచడం. హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తింటే చస్తుందో చెప్పే అంకె) రెట్టింపు చేస్తారు, కవచం అంకె (దెబ్బ తగలాలంటే పాచికతో దాటాల్సినది) రెండు పెంచుతారు, కాటుకు ఇంకో రెండు పాచికలు చేరుస్తారు. ఫలితం ఎలా ఉంటుందో చూద్దాం. ఈ ఆట అయిదో కూర్పు 2014లో వచ్చింది. అందులో వయసొచ్చిన ఎర్ర డ్రాగన్‌కు 256 హిట్ పాయింట్లు. అందరి వంతులూ ఒకసారి తిరిగితే ఒక రౌండు. అయిదుగురు సాహసికులు రౌండుకు ఒక్కొక్కరు 25 చొప్పున దెబ్బ తీయగలిగితే మొత్తం 125. మూడో రౌండు మొదట్లోనే డ్రాగన్ కూలిపోతుంది. హిట్ పాయింట్లు రెట్టింపు చేస్తే అయిదో రౌండులో కూలిపోతుంది. అదే నిలబడటం, అదే పొడవడం, ఇంకో అరగంట ఎక్కువ. బలమైన రాక్షసి తయారు కాలేదు, చావడానికి ఎక్కువ సేపు పట్టే రాక్షసి తయారైంది.

డ్రాగన్ బలమంతా పోరు ఎప్పుడు, ఎక్కడ, ఎంత దూరం నుంచి జరగాలో నిర్ణయించే హక్కులో ఉందని నేను గట్టిగా నమ్ముతాను. ఆ హక్కును దానికి పూర్తిగా, ఏ మొహమాటమూ లేకుండా ఇవ్వాలి. అలా ఇచ్చినప్పుడు, ఆ హక్కును దాని నుంచి లాక్కునే దారులు ఆటగాళ్ళకు ముందుగానే తెలిసే వీలు కూడా అంతే పూర్తిగా ఉండాలి. డ్రాగన్ బలం ఎంత పెంచుతామో, దాని గురించి బయట దొరికే సమాచారం అంత పెంచాలి. ఈ రెండింటిలో ఒకటే చేసినవాళ్ళ ఆట తప్పకుండా చెడుతుంది.

మొదటి సగం సంగతి చూద్దాం. పైన చెప్పిన ఎర్ర డ్రాగన్ ఒక వంతులో 80 అడుగులు ఎగరగలదు. దాని అగ్నిశ్వాస 60 అడుగుల దూరం శంకువులా విస్తరించి, 18 ఆరుముఖాల పాచికల దెబ్బ తీస్తుంది; సగటున 63. అయిదో కూర్పు నియమాల ప్రకారం కదలికను రెండు ముక్కలు చేసి, మధ్యలో దాడి చేయవచ్చు. కాబట్టి వంద అడుగుల దూరంలో ఉన్న డ్రాగన్ నలభై అడుగులు ముందుకొచ్చి, నిప్పు ఊది, నలభై అడుగులు వెనక్కి పోతుంది. వంతు ముగిసేసరికి మళ్ళీ వంద అడుగుల దూరంలో, గాలిలో ఉంటుంది. కత్తి పట్టినవాడు దాన్ని ఒక్కసారి కూడా తాకలేడు. శ్వాస మళ్ళీ సిద్ధం కావాలంటే ప్రతి వంతు మొదట్లో వేసే ఆరుముఖాల పాచిక మీద 5 గానీ 6 గానీ పడాలి, అంటే మూడింట ఒక వంతు అవకాశం. సిద్ధం కాకపోతే అది మేఘాల్లోకి వెళ్ళి తిరుగుతూ ఉంటుంది. దానికి తొందరేముంది? పై నుంచి చూస్తే కిందనున్న వాళ్ళు ఎటూ పోలేరు.

ఈ డ్రాగన్ తెలివి అంకె 16. మామూలు మనిషికి 10 అని లెక్క. అంటే ఈ లెక్క మనకు తట్టినప్పుడు దానికీ తడుతుంది. వందల ఏళ్ళుగా బతుకుతున్న, ఇంత తెలివైన జీవి నేల మీదికొచ్చి కత్తుల మధ్య నిలబడిందంటే దానికి ఒక కారణం ఉండాలి. ఆ కారణమే డ్రాగన్ రూపకల్పనలో అసలు ప్రశ్న. ఎందుకు దిగాలి? ఈ ఒక్క ప్రశ్నకు నిజాయితీగా జవాబు రాస్తే మిగతా సగం పని దానంతటదే అయిపోతుంది.

జవాబులు చాలా ఉన్నాయి, ప్రతి జవాబూ ఒక్కో డ్రాగన్‌ను పుట్టిస్తుంది. గుడ్లున్న తల్లి డ్రాగన్ గూటి మీద నిప్పు ఊదలేదు; సాహసికులు గూటిని చేరితే దిగక తప్పదు. నిధి మీద వ్యామోహం ఉన్నది, ఎవరో తన కిరీటాన్ని పట్టుకుని సన్నటి సొరంగంలోకి దూరితే తల దూర్చి వెతుకుతుంది. గర్వం ఎక్కువైనది, పేరు పెట్టి సవాలు విసిరితే, అందరూ చూస్తుండగా తప్పించుకుని ఎగరలేక దిగుతుంది. మంచు తుఫానులో రెక్కలు పనిచేయనిది రుతువును బట్టి దిగుతుంది. పాత గాయం వల్ల ఎడమ రెక్క ఎక్కువసేపు మోయలేనిది ప్రతి కొన్ని రౌండులకు ఎక్కడో ఒకచోట వాలాలి, వాలే చోట్లు లెక్కగా ఉంటాయి. ఇందులో ఏదీ అంకె కాదు. కానీ ఇందులో ప్రతిదీ ఆటగాళ్ళు పట్టుకోగలిగిన పిడి. పట్టికలో కవచం అంకె 19 అని రాసి ఉంటే దాంతో ఆటగాడు చేయగలిగేది పాచిక వేయడమే. ఎడమ రెక్క బలహీనమని తెలిస్తే పన్నాగం పన్నడం మొదలుపెడతాడు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు, పాత నియమాల్లో దీని బీజాలు స్పష్టంగా ఉన్నాయి. 1981 నాటి ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ బేసిక్ నియమాల్లో డ్రాగన్ శ్వాస తీసే దెబ్బ, ఆ క్షణంలో దానికి మిగిలిన హిట్ పాయింట్లతో సమానం. హిట్ పాయింట్ల కోసం పది ఎనిమిదిముఖాల పాచికలు వేసే ఎర్ర డ్రాగన్‌కు అవి సగటున 45. మొదటి ఊపిరి 45 దెబ్బ, తప్పించుకోవడానికి ఆటగాడు వేసే పాచిక కలిసొస్తే అందులో సగం. ఆ నియమాల్లో పేరుమోసిన యోధుడికి కూడా ఇది చావుతో సమానం. కానీ డ్రాగన్‌ను సగానికి తెస్తే ఊపిరీ సగమవుతుంది. దాని ప్రాణమూ దాని ఆయుధమూ ఒకటే. నాకు తెలిసిన డ్రాగన్ నియమాలన్నిటిలో ఇంత అందమైనది ఇంకొకటి లేదు. ఎదురుగా వెళ్ళి నిలబడితే బూడిద; నిద్రలో ఉండగా మొదటి దెబ్బ తీస్తే గెలుపు. ఒకే వాక్యం పోరాటం అంతటినీ పోరాటానికి ముందు జరిగే ఆలోచనలోకి నెట్టేస్తుంది.

నిద్ర సంగతి కూడా ఆ నియమాల్లోనే ఉంది. ప్రతి రంగు డ్రాగన్‌కు రెండు శాతాలు ఇచ్చారు: మాట్లాడగలిగే అవకాశం, నిద్రలో దొరికే అవకాశం. తెల్ల డ్రాగన్ మాట్లాడే అవకాశం 10 శాతం, నిద్రలో దొరికే అవకాశం 50. ఎర్రదానికి తలకిందులు: మాటకు 50, నిద్రకు 10. అంటే తెల్లదాన్ని వేటగాడిలా పొంచి చంపవచ్చు, ఎర్రదానితో మాటలాడాలి. రెండు అంకెలతో రెండు వేర్వేరు ప్రాణులు, రెండు వేర్వేరు కథలు. పట్టికల్లో అంకెలే ఉండకూడదని నేను అనడం లేదు. ఆటగాళ్ళ ఎత్తుగడను మార్చే అంకె ఒకటి ఉంటే, కేవలం బరువు పెంచే అంకెలు పది పోయినా నష్టం లేదంటున్నాను.

తర్వాతి కూర్పులు ఇంకో సమస్యను పరిష్కరించే పనిలో పడ్డాయి. అయిదుగురికి అయిదు వంతులు, డ్రాగన్‌కు ఒకటి. ఈ అసమానత నిజమైనదే. 2008లో వచ్చిన నాలుగో కూర్పు డ్రాగన్లను ఒంటరి రాక్షసుల తరగతిలో పెట్టి, ఒక్కదాన్నే అయిదుగురి జట్టుకు సరిపోయేలా హిట్ పాయింట్లు కుమ్మరించింది. పోరాటాలు సాగదీసినట్టయ్యాయి. అయినా ఆ కూర్పులో ఒక మంచి సంగతి ఉంది: హిట్ పాయింట్లు సగానికి పడగానే డ్రాగన్ శ్వాస తిరిగి సిద్ధమై, అప్పటికప్పుడే విరుచుకుపడుతుంది. ఆటగాళ్ళ కళ్ళ ముందే జరిగే మలుపు అది. ఒకసారి చూసినవాళ్ళు మళ్ళీ ఆ గీత దగ్గరికి రాగానే చెదిరిపోయి నిలబడతారు. తెలుసుకోగల బలం ఎలా ఉండాలో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

అయిదో కూర్పు వంతుల సమస్యను ఇంకా శుభ్రంగా తీర్చింది. ఇతరుల వంతులు ముగిసినప్పుడల్లా వాడుకోవడానికి రౌండుకు మూడు లెజెండరీ యాక్షన్లు ఇచ్చింది: తోకతో కొట్టడం, రెక్కలు విదిల్చి ఎగరడం వంటివి. ఇది చక్కటి పరిష్కారం, నేను ఎప్పుడూ వాడతాను. కానీ దాని పక్కనే ఉన్న లెజెండరీ రెసిస్టెన్స్ మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. రోజుకు మూడుసార్లు, మంత్రం నుంచి తప్పించుకోవడానికి వేసిన పాచిక ఓడిపోయినా డ్రాగన్ గెలిచినట్టు ప్రకటించుకోవచ్చు. మాంత్రికుడు తన ఉత్తమ మంత్రం వేస్తాడు, పాచిక అతని పక్షాన పడుతుంది, గేమ్ మాస్టర్ తల అడ్డంగా ఊపుతాడు. ప్రపంచంలో ఏమీ మారదు. మూడు మంత్రాలు గాలిలో కలిసిపోయినట్టు ఉంటుంది.

నా బల్ల దగ్గర ఆ మూడింటికీ మూడు శరీర భాగాలు కేటాయిస్తాను. మంత్రాన్ని మొదటిసారి తిరస్కరించినప్పుడు మెడ మీది పొలుసులు పగిలి రాలిపోతాయి, కవచం అంకె రెండు తగ్గుతుంది. రెండోసారి రెక్క పొర చిరుగుతుంది, ఎగిరే వేగం సగమవుతుంది. మూడోసారి గొంతులోని నిప్పుతిత్తి చిట్లుతుంది, శ్వాస దూరం సగానికి పడిపోతుంది. డ్రాగన్ మంత్రం నుంచి తప్పించుకుంటుంది, కానీ దాని ఖరీదు చెల్లిస్తుంది. అంతే ముఖ్యంగా, చెల్లించడం అందరూ చూస్తారు. మాంత్రికుడి మంత్రం వృథా కాలేదు. అది యోధుడికి దారి తీసింది. లెక్కలో డ్రాగన్ కాస్త బలహీనపడింది, నిజమే. ఆట మాత్రం ఎంతో బలపడింది.

భయం విషయంలోనూ ఇదే తేడా. వయసొచ్చిన ఎర్ర డ్రాగన్‌ను 120 అడుగుల లోపు చూసినవాళ్ళు పాచిక వేయాలి. ఓడితే భయపడి దగ్గరికి పోలేరు, వాళ్ళ దాడులు తడబడతాయి. యోధుడి పాత్రధారికి ఇది వరుసగా వంతులు పోగొట్టుకోవడమే. పాత్ర భయపడిందని పాచిక చెబుతుంది, ఆటగాడు మాత్రం విసుగు చెందుతాడు. నాకు కావలసింది బల్ల చుట్టూ కూర్చున్న మనుషుల భయం. అది పాచికతో రాదు. ఏం జరగబోతుందో తెలిసి, ఆపలేకపోవడం వల్ల వస్తుంది.

ఇక రెండో సగానికి వస్తాను. నా దృష్టిలో ఇదే కష్టమైనది, రూపకర్తలు ఎక్కువగా వదిలేసేదీ ఇదే. డ్రాగన్‌కు ఇంత స్వేచ్ఛ ఇచ్చాక, ఏమీ తెలియని ఆటగాళ్ళ మీదికి దాన్ని వదిలితే అది క్రూరత్వం అవుతుంది. మొదటి ఊపిరికే జట్టు సగం పోతుంది, ఏం నేర్చుకోవాలో కూడా తెలియదు. అందుకని డ్రాగన్ కనిపించడానికి చాలా ముందు నుంచే దాని జాడలు కనిపించాలి. కాలిపోయిన ఊరు, ఏడుస్తున్న జనం, దూరంగా పొగ అనే మూడు దృశ్యాలు అందరూ పెడతారు. అవి డ్రాగన్ ఉందని చెబుతాయి, డ్రాగన్ ఎలాంటిదో చెప్పవు. జాడ అనేది ఒక వాస్తవాన్ని మోయాలి.

నేను ఒక చిత్తడి సరస్సుకు నల్ల డ్రాగన్‌ను తయారు చేశాను. నల్ల డ్రాగన్ ఊపిరి ఆమ్లం. అది నీళ్ళలోనూ శ్వాసించగలదు. రేవులో పాడైపోయిన పడవలు వరుసగా ఉంటాయి. వాటి అడుగుభాగం మాత్రమే కరిగి ఉంటుంది, అంచులు చెక్కుచెదరలేదు. అంటే దెబ్బ కింది నుంచి వచ్చింది. ఎవరైనా దాన్ని గమనించి అడిగితే, ఒక పడవకు మాత్రం ఏ మచ్చా లేదని తెలుస్తుంది. అది నెలనెలా కప్పం తీసుకెళ్ళే పడవ. అంటే దానికి పడవల్ని గుర్తుపట్టే తెలివి ఉంది, కప్పం మీద ఆశా ఉంది. సరస్సు నడుమ దీవిలో పక్షులు గూళ్ళు కట్టుకుని ఉన్నాయి. అంటే అది అక్కడ నివసించదు, పడుకునే చోటు వేరే. వాన పడిన మర్నాడు మాత్రం ఎవరి మీదా దాడి జరగలేదని జాలర్లు చెబుతారు. వానకు బురద కదిలి నీళ్ళలో ఏమీ కనిపించదు; ఈ డ్రాగన్ చూపు మీద ఆధారపడి వేటాడుతుంది. పుస్తకంలోని నల్ల డ్రాగన్‌కు చీకట్లోనూ పసిగట్టే శక్తి ఉంది. నేను దాన్ని కావాలనే తీసేశాను, తీసేసిన సంగతి తెలుసుకునే దారి పెట్టాను. నాలుగు జాడలు, నాలుగు వాస్తవాలు, వాటి నుంచి ఒక పథకం పుడుతుంది: వాన కోసం ఆగడం, కప్పం పడవలో దాక్కోవడం, డ్రాగన్ పైకి తేలి ధాన్యపు బస్తాల కోసం రేవు మెట్ల మీదికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టడం. నా ఆటగాళ్ళు ఆ మెట్ల మీద ఎవరు ఎక్కడ నిలబడాలో ఒక పూటంతా వాదించుకున్నారు. డ్రాగన్ ఇంకా ఒక్కసారి కూడా తెరమీదికి రాలేదు, కానీ ఆ పూటంతా అది ఆ గదిలోనే ఉంది.

హిట్ పాయింట్లు ఎంత తక్కువైనా సరిపోతాయని దీనివల్లే నమ్మకం కలుగుతుంది. 2012లో వచ్చిన ‘డంజియన్ వరల్డ్’ ఆటలో డ్రాగన్‌కు ఉన్నవి 16 హిట్ పాయింట్లే. ఎర్ర డ్రాగన్ 256 పక్కన పెడితే చిన్న అంకె, పైగా వేరే లెక్కలున్న ఆట. కానీ ఆ ఆటలో దెబ్బ తీయడానికి ముందు, కథలో దాని దగ్గరికి చేరగలిగామా అన్నది తేలాలి. పొలుసుల్ని ఛేదించే ఆయుధం లేకపోతే పాచిక వేసే సందర్భమే రాదు. ఆ డ్రాగన్ కాటుకు అవయవాలు తెగిపోతాయని నియమంలోనే ఉంది. 16 పాయింట్లు తగ్గించడానికి ముందు చేతులు, డాలు, తోటివాడు పోతారు. అంకెల ఆట నుంచి వచ్చినవాళ్ళకు ఇది మోసంలా తోచవచ్చు. నాకు మాత్రం అది డ్రాగన్ అంటే ఏమిటో బాగా అర్థం చేసుకున్నవాళ్ళ పనిలా తోస్తుంది.

గుహ గురించి ఒక్క మాట. డ్రాగన్ తన ఇల్లు తనకు అనుకూలంగా ఎంచుకుంటుంది. మనుషులకు వీలైన మెట్లు, వెడల్పాటి ద్వారం, చదునైన నేల ఉన్న గుహ మనుషులు కట్టుకున్నది. ఆకాశంలోకి తెరుచుకున్న నిలువు బిలం, అడుగున మాత్రమే మనిషి పాకగల సందు, ఆ సందులోంచి వచ్చేవాడిపై పై నుంచి నిప్పు కురిపించేంత ఎత్తు. ఇది డ్రాగన్ కట్టుకున్నది.

ఇప్పుడు అందరూ వేసే అభ్యంతరం. తెలివైన డ్రాగన్ ఓడిపోతున్నప్పుడు ఎగిరిపోతుంది కదా, ఆటగాళ్ళకు తృప్తి ఏముంటుంది? ఎగిరిపోవాలనే నేనంటాను. సగం ప్రాణంతో ఉన్న, వెయ్యేళ్ళు బతకగల జీవి నలుగురు అపరిచితుల కోసం చావదు. కానీ అది పారిపోతే నిధి వదిలేసి పోతుంది. గూడు వదిలేస్తుంది, చుట్టుపక్కల దేశాల్లో పరువు పోగొట్టుకుంటుంది, కప్పం ఆగిపోతుంది. ఆటగాళ్ళు చేతిలో పట్టుకోగల గెలుపు ఇది. తర్వాత అది తిరిగి వస్తుంది. ఈసారి వాళ్ళ గురించి దానికి తెలుసు. ఎవరు మంత్రం వేస్తారో, ఎవరి విల్లు దూరం కొడుతుందో చూసింది. మొదటి పోరులో సమాచారం వాళ్ళ దగ్గర ఉంది, రెండో పోరులో రెండు పక్షాలా ఉంది. దాన్ని అక్కడే చంపాలనుకుంటే ముందుగా దాని ఆకాశాన్ని మూయాలి, ఆ పని పథకంలో భాగం కావాలి. బిలం నోటిని బండలతో పూడ్చే మార్గం కనిపెట్టిన జట్టుకు దాన్ని చంపే హక్కు పూర్తిగా ఉంది.

అన్ని డ్రాగన్లూ ఒకేలా ఆలోచించనవసరం లేదని కూడా గుర్తుంచుకోవాలి. అయిదో కూర్పులో వయసొచ్చిన తెల్ల డ్రాగన్ తెలివి అంకె 8 మాత్రమే. దానిచేత ఎర్రదాని ఎత్తుగడలు వేయిస్తే రెండింటికీ అన్యాయమే. తెల్లది ఆకలితో దిగుతుంది, మాంసం వాసనకు దిగుతుంది, చంపినదాన్ని వదిలి పోలేక దిగే ఉంటుంది. ఇదీ ఎందుకు దిగాలన్న ప్రశ్నకు జవాబే.

చివరిగా, తెర వెనక జరిగే ఒక పని గురించి చెప్పాలి, ఎందుకంటే పైన చెప్పినదంతా అది ఒక్క క్షణంలో నాశనం చేయగలదు. ఆటగాళ్ళు జాడలు పట్టారు, వాన కోసం ఆగారు, మెట్ల మీద మాటువేశారు, మొదటి రౌండులోనే డ్రాగన్ దాదాపు చచ్చింది. చాలామంది గేమ్ మాస్టర్లు అప్పుడు కంగారుపడి, ఎవరికీ చెప్పకుండా వంద హిట్ పాయింట్లు కలిపేస్తారు. డ్రాగన్ పోరాటం ఇంత త్వరగా అయిపోకూడదని వాళ్ళ భావన. ఆ పోరాటం అప్పటికే రెండు పూటలుగా జరుగుతోందని వాళ్ళు మరిచిపోతారు. పడవల అడుగు చూసినప్పుడు మొదలైంది అది. రహస్యంగా కలిపిన ఆ వంద పాయింట్లు, ఆటగాళ్ళు సంపాదించిన ప్రతి వాస్తవం విలువనూ సున్నా చేస్తాయి. వచ్చేసారి వాళ్ళు రేవులో ఆగి పడవల్ని చూడరు, నేరుగా కత్తులు దూస్తారు. నేను డ్రాగన్ హిట్ పాయింట్లు పోరుకు ముందే ఒక కాగితం మీద రాసి, మడిచి, బల్ల మధ్యలో అందరికీ కనిపించేలా పెడతాను. డ్రాగన్ చచ్చాక దాన్ని విప్పి చూసేది ఆఖరి దెబ్బ కొట్టిన ఆటగాడే.